ఆర్బిటల్‌ను మొదటిసారి వినబోయేవారికి

"పాట ఎప్పుడు మొదలవుతుందక్కా?" అని మా తమ్ముడు తెనాలి నుంచి ఫోనులో అడిగాడు. నేను పంపిన పాట అప్పటికి నాలుగో నిమిషంలో ఉంది. "మొదలై నాలుగు నిమిషాలైందిరా, నువ్వు వింటున్నదే పాట" అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాడిని తప్పుపట్టడానికి లేదు. ముందు కాస్త వాద్యాలు, తర్వాత పల్లవి, ఆ తర్వాత చరణాలు అనే లెక్కకు అలవాటుపడిన చెవులు మనవి. గొంతు వినిపించేవరకు జరిగేదంతా పాటకు ముందు తతంగం అనుకుంటాం. ఆ లెక్కతో కూర్చుంటే ఆర్బిటల్ పాట ఎప్పటికీ మొదలుకాదు. వాడికి వారానికి ఒకటి చొప్పున ఫోనులో చెప్పిన పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. దీనికి సంగీత జ్ఞానం అక్కర్లేదు. ఓపిక కావాలి, కాస్త మంచి హెడ్‌ఫోను కావాలి.

ముందు వీళ్లెవరో చెప్పాలి. ఆర్బిటల్ అంటే ఎలక్ట్రానిక్ యంత్రాలతో నృత్య సంగీతం కట్టే ఇద్దరు అన్నదమ్ములు. ఫిల్ హార్ట్‌నాల్ పెద్దవాడు, 1964లో పుట్టాడు. పాల్ హార్ట్‌నాల్ 1968లో పుట్టాడు. లండన్‌కు ఆగ్నేయంగా ఉన్న కెంట్ ప్రాంతంలోని సెవెనోక్స్ వాళ్లది. లండన్ చుట్టూ 188 కిలోమీటర్ల రహదారి ఒకటి తిరుగుతుంది. దాని పేరు ఎం25, చుట్టు రోడ్డు కాబట్టి లండన్ ఆర్బిటల్ అని కూడా అంటారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు కాబట్టి, దానికన్నా కొంచెం పెద్దదని ఊహించుకోండి. అది 1986లో పూర్తయింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ రహదారి పక్కన పొలాల్లో, ఖాళీ గోదాముల్లో రాత్రంతా నృత్య సంగీతం మోగేది. ఎక్కడ జరుగుతుందో చివరి నిమిషం వరకు ఎవరికీ తెలియదు. ఒక నంబరుకు ఫోను చేస్తే చోటు చెప్పేవారు, కార్లు ఆ చుట్టు రోడ్డు పట్టుకుని బయలుదేరేవి. ఆ రోడ్డు పేరే ఈ అన్నదమ్ములు పెట్టుకున్నారు.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పని చేయడానికి కెంట్‌కు వచ్చినప్పుడు, సాయంత్రం డ్యూటీ దిగి అదే ఎం25 మీద ఇంటికి వెళ్లేదాన్ని. వానాకాలం, చలికాలం అనే తేడా లేకుండా ముందున్న కార్ల ఎర్ర దీపాలు చూస్తూ గంటల తరబడి గడిపిన రోడ్డు అది. మా ఫార్మసీలో పనిచేసే ఒకాయన నా విసుగు చూసి గోధుమరంగు అట్ట ఉన్న సీడీ ఒకటి చేతిలో పెట్టి "ఈ రోడ్డుకు ఇదే మందు" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ మందు మానలేదు.

వినే ముందు చేయాల్సిన పని కొంత ఉంది. ఫోను స్పీకరులో వినకండి. అందులో మంద్ర స్వరాలు దాదాపు వినిపించవు. ఈ సంగీతానికి కింద నేల లాంటిది ఆ మంద్రమే, అది లేకుండా వింటే పైన తిరిగే వరసలు గాలిలో వేలాడుతున్నట్టు ఉంటాయి. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. పాటలను కలగాపులగంగా వినిపించే షఫుల్ ఆపేయండి. ఈ ఆల్బములలో ఒక పాట తోక మరో పాట తలకు అతికి ఉంటుంది. శబ్దం మరీ పెంచకండి. లోపలి చెవిలోని సన్నని వెంట్రుక కణాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ మొలవవు, మా అరల్లో దానికి మందు లేదు. పేరు ఒకటే అయినా నిడివి చూసుకోండి. పన్నెండు నిమిషాల పాటను రేడియో కోసం మూడు నిమిషాలకు కోసిన రూపాలు ఉంటాయి. మొదటిసారి ఎప్పుడూ పొడవైనదే ఎంచుకోండి.

మొదటి పాట "బెల్ఫాస్ట్". ఎనిమిది నిమిషాలు ఉంటుంది. 1990లో వీళ్లు ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్ఫాస్ట్‌లో కచేరీ చేశారు. ఆ ఊరు అప్పటికింకా బాంబుల మధ్య, సైనికుల పహారాల మధ్య బతుకుతోంది. అక్కడ జనం చూపించిన ఆదరణకు గుర్తుగా ఈ పాటకు ఆ పేరు పెట్టారు. ఇందులో ఒక స్త్రీ గొంతు వస్తుంది. అది పన్నెండో శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ కట్టిన భక్తిగీతం. ఎమిలీ వాన్ ఎవెరా పాడిన రికార్డు నుంచి చిన్న ముక్క తీసుకున్నారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి మఠం పాట, డ్రమ్ము యంత్రం మీద కూర్చుంది.

దీన్ని మూడుసార్లు వినండి. మొదటిసారి ఏమీ చేయవద్దు, ఊరికే వినండి. రెండోసారి దెబ్బలు లెక్కపెట్టండి. తొడమీద తాళం వేసినట్టు వేయవచ్చు. నాలుగు దెబ్బలు ఒక గుంపు. రెండు గుంపులు కలిస్తే మన ఆది తాళంలో ఒక ఆవర్తనం అంత. నాలుగు ఆవర్తనాలకో, ఎనిమిది ఆవర్తనాలకో ఏదో ఒకటి చేరడమో తప్పుకోవడమో గమనిస్తారు. ఆ మలుపు ఎక్కడ రాబోతోందో పసిగట్టడం మొదలైతే విసుగు అనేది పోతుంది, ఎదురుచూపు వస్తుంది. మూడోసారి ఆ గొంతును మాత్రమే పట్టుకోండి. అది పాడేది ప్రతిసారీ ఒకటే. అయినా ఒకచోట ఓదార్పులా, ఇంకోచోట దిగులుగా ఎందుకు వినిపిస్తోందో చూడండి. గొంతు మారలేదు, దాని కింద నడిచే స్వరాలు మారాయి.

నాకు ఈ సంగీతంలో దొరికిన తాళంచెవి ఇదే. చిన్నప్పుడు నేను నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. త్యాగరాజ కృతి మొదలుపెడితే పల్లవి మొదటి పాదాన్ని మాస్టారు ఒక్కసారితో వదిలేవారు కాదు. ఒక్కో ఆవృత్తికి ఒక్కో మెరుగు దిద్దుతూ సంగతులు వేయించేవారు. మొదట ఆర్బిటల్ విన్నప్పుడు సంగతుల కోసం వెతికాను, దొరకలేదు. సంగతిలో వరసే పెరుగుతుంది. ఇక్కడ వరస ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, దాని ఇరుగుపొరుగు మారుతుంది. మీరు కొత్త వాక్యం కోసం చూడకండి. పాత వాక్యం పక్కకు ఎవరు వచ్చి చేరారో చూడండి.

ఆ ఇరుగుపొరుగు ఎలా మారుతుందో తెలియాలంటే "చైమ్" వినాలి. 1989లో పాల్ దీన్ని తల్లిదండ్రుల ఇంట్లో, మెట్ల కింద ఉన్న చిన్న అరలో తయారుచేసి తండ్రి క్యాసెట్ డెక్‌లో రికార్డు చేశాడు. స్టూడియో లేదు, అద్దె లేదు, ఖర్చు ఒక ఖాళీ క్యాసెట్. జాజీ ఎం అనే డీజే తన చిన్న సంస్థ నుంచి దాన్ని రికార్డుగా వేశాడు. 1990 మార్చిలో పెద్ద సంస్థ ఎఫ్ఎఫ్ఆర్ఆర్ మళ్లీ విడుదల చేస్తే అది బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 17వ స్థానానికి చేరింది. అప్పుడు టాప్ ఆఫ్ ది పాప్స్ అనే టీవీ కార్యక్రమానికి పిలిచారు. అన్నదమ్ములిద్దరూ అప్పటి ప్రభుత్వం తెచ్చిన తలసరి పన్నును వ్యతిరేకించే టీషర్టులు వేసుకుని వచ్చారు.

వాళ్లు వేదిక మీద వాడిన యంత్రం గురించి తెలిస్తే మీ చెవి సగం తెరుచుకుంటుంది. దాని పేరు అలెసిస్ ఎంఎంటి-8. ఇది శబ్దం చేయదు. ఏ వాద్యం ఎప్పుడు ఏ స్వరం పలకాలో గుర్తుపెట్టుకుని చెబుతుంది. దాని మీద ఎనిమిది బొత్తాలు, ఒక్కో బొత్తానికి ఒక్కో వరస. నొక్కితే వరస వినిపిస్తుంది, మళ్లీ నొక్కితే మౌనం. నొక్కినా నొక్కకపోయినా లోపల అది తిరుగుతూనే ఉంటుంది. అంటే వేదిక మీద ఈ ఇద్దరూ చేసేది తలుపులు తీయడం, మూయడం. ఈ వరసను ఇంకో ఎనిమిది ఆవర్తనాలు ఉంచుదామా, ఇప్పుడే తీసేద్దామా అని ఎదుట ఉన్న జనాన్ని చూసి అక్కడికక్కడ నిర్ణయించుకునేవారు. అప్పట్లో చాలా బృందాలు ముందే రికార్డు చేసిన టేపు పెట్టుకుని వేదికపై చేతులు ఊపుతుండగా, వీళ్ల పాట మాత్రం ఏ రెండు రాత్రులూ ఒకేలా సాగేది కాదు.

కాబట్టి "చైమ్" వింటున్నప్పుడు మీ ముందు బల్ల మీద ఎనిమిది బొత్తాలు ఉన్నాయనుకోండి. గంటల్లాంటి వరస వినగానే ఒక వేలు దించండి. మంద్రం చేరితే ఇంకో వేలు. ఏదైనా ఆగితే ఆ వేలు ఎత్తండి. మా తమ్ముడు దీన్ని భోజనాల బల్ల దగ్గర చేస్తుంటే మా అమ్మ "వీడికి ఏమైంది?" అని నాకు ఫోను చేసింది. కానీ ఆ రోజు తర్వాత పాట ఎప్పుడు మొదలవుతుందని వాడు మళ్లీ అడగలేదు.

ఇప్పుడు "హాల్సియన్". నేను మందుల మనిషిని కాబట్టి ఈ పాట దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

హాల్సియన్ అనే మాటకు ప్రశాంతమైన అని అర్థం. అదే ఉచ్చారణతో ఒక నిద్రమాత్ర ఉండేది. దాని అసలు మందు పేరు ట్రయజోలామ్. బలమైనది, త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయేది. ఇలాంటి మాత్రలకు శరీరం అలవాటుపడితే మానడం చాలా కష్టం. ఉన్నట్టుండి ఆపితే పోయిందనుకున్న నిద్రలేమి, ఆందోళన రెట్టింపై తిరిగి వస్తాయి. బ్రిటన్‌లో 1991 అక్టోబరులో దాని అమ్మకం ఆపించారు. ఈ అన్నదమ్ముల తల్లి ఏళ్ల తరబడి ఆ మాత్రకు బానిసై బాధపడింది. 1992లో వచ్చిన ఈ పాటను వాళ్లు ఆమెకే అంకితం చేశారు.

ఇది తెలిశాక పాటలోని మెత్తదనం వేరుగా వినిపిస్తుంది. ఇందులోని గొంతు ఓపస్ త్రీ బృందపు గాయని కిర్‌స్టీ హాక్‌షాది. ఆమె పాడిన "ఇట్స్ ఎ ఫైన్ డే"ను ముక్కలు చేసి, వెనక్కు తిప్పి వాడారు. తిప్పిన శబ్దాన్ని గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. గుడిగంట కొడితే ఖంగున మొదలై మెల్లగా సన్నగిల్లుతుంది. దాన్ని వెనక్కు తిప్పితే ఎక్కడినుంచో మెల్లగా ఉబికి వచ్చి, నిండుగా అయ్యేసరికి చటుక్కున తెగిపోతుంది. ఈ గొంతులో ప్రతి మాటా అలాగే ఉబుకుతుంది, తెగుతుంది. మాట నోటిదాకా వచ్చి రూపం కట్టకుండానే జారిపోతుంది. మాత్ర మత్తులో ఉన్న మనిషితో ఎప్పుడైనా మాట్లాడి ఉంటే ఆ జారిపోవడం మీకు తెలుస్తుంది. నేను రోజూ అలాంటివారితో మాట్లాడతాను. పిల్లలు తల్లి మీద కోపం లేకుండా, ఆమె లోపల ఉన్న ఆ పొగమంచులో కాసేపు ఆమె పక్కన కూర్చున్నట్టు ఉంటుంది నాకు. మొదట విడుదలైన రూపం పదకొండు నిమిషాలు. ఆల్బములోది "హాల్సియన్ ఆన్ ఆన్" పేరుతో తొమ్మిదిన్నర నిమిషాలు. ఆల్బముదే ముందు వినండి.

ఆ ఆల్బమే నా చేతికి వచ్చిన గోధుమరంగు సీడీ. మొదటి రెండు ఆల్బములకూ వేరే పేర్లు పెట్టలేదు, రెండింటి మీదా "ఆర్బిటల్" అనే ఉంటుంది. 1991 నాటిదాన్ని ఆకుపచ్చ ఆల్బమ్ అని, 1993 నాటిదాన్ని గోధుమ ఆల్బమ్ అని జనం అట్ట రంగునుబట్టి పిలుస్తారు. ఆకుపచ్చది ఒక గొంతుతో మొదలవుతుంది. స్టార్ ట్రెక్ అనే టీవీ ధారావాహికలోని ఒక పాత్ర, కాలం వలయంగా మారే చోటు గురించి చెప్పే మాట అది. గోధుమ ఆల్బమ్ కూడా సరిగ్గా అదే గొంతు, అదే మాటతో మొదలవుతుంది. రెండు సీడీలూ నా దగ్గర ఉన్న కొత్తలో నేను పెట్టెలు మార్చేశాననుకుని, ఎం25 పక్కన పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి సీడీ బయటకు తీసి చూశాను. గోధుమదే. మళ్లీ పెట్టాను. ఈసారి కొంచెం ఓపికపట్టాను. ఆ ఒక్క మాట తిరుగుతూ ఉంది, రెండో ప్రతి దానికి తోడైంది. రెండూ వెంట్రుకవాసి తేడాతో విడిపోవడం మొదలుపెట్టాయి. చూస్తుండగా మాట చెదిరి లయగా మారింది. కాలం వలయమైందని చెప్పే మాటను నిజంగానే వలయం చేశారు. శ్రోత తప్పు సీడీ పెట్టానని కంగారుపడాలనే వాళ్లు అలా చేశారని తర్వాత తెలిసింది.

ఈ ఆల్బమ్ ఒక్క బిగువున వినాలి. గంటకు పైగా పడుతుంది. బస్సు ప్రయాణమో రైలు ప్రయాణమో అయితే మంచిది. "లష్" రెండు భాగాలు ఎక్కడ కలుస్తాయో వెతకండి, మొదటిసారి అతుకు దొరకదు. "వాక్ నౌ" మొదట్లో టకటకమని వినిపించేది ఆస్ట్రేలియాలో పాదచారులు రోడ్డు దాటడానికి మోగే సంకేతం. వీధిలో విన్న చప్పుడును తెచ్చి తాళంగా పెట్టారు. ఆకుపచ్చ ఆల్బమ్‌ను దీని తర్వాత వినండి. అందులో ఉన్న "చైమ్" వేదిక మీద వాయించినది కాబట్టి మీరు విన్నదానికి తేడాగా ఉంటుంది. ఆ తేడాలే వేళ్లతో లెక్కపెట్టండి.

1994కు వస్తే సంగీతంతోపాటు చట్టం కూడా చదవాలి. పొలాల్లో జరిగే ఈ సభలను ఆపడానికి బ్రిటన్ ప్రభుత్వం ఆ ఏడాది నేర న్యాయ, ప్రజా శాంతి చట్టం తెచ్చింది. దాని 63వ సెక్షన్‌లో, వరుసగా పునరావృతమయ్యే దెబ్బలతో కూడిన శబ్దాలు అని సంగీతానికి నిర్వచనం ఇచ్చారు. నేను పైన మీచేత తాళం వేయించి లెక్కపెట్టించినది దేన్నో, చట్టం వేలుపెట్టి చూపింది దాన్నే. ఆర్బిటల్ తమ "ఆర్ ఉయ్ హియర్?" సింగిల్‌లో ఆ బిల్లు పేరు పెట్టి ఒక రూపాన్ని చేర్చారు. అందులో దెబ్బ లేదు, వరస లేదు. దాదాపు నాలుగు నిమిషాల నిశ్శబ్దం. దాన్ని దాటవేయకండి. అసలు పాట పూర్తిగా విని, వెంటనే ఆ నిశ్శబ్దాన్ని హెడ్‌ఫోను తీయకుండా వినండి. నా చెవుల్లో అయితే దెబ్బ ఒక నిమిషం వరకు కొట్టుకుంటూనే ఉంది.

ఆ పాట ఉన్న ఆల్బమ్ "స్నివిలైజేషన్" అంత సులువుగా లొంగదు. అందులో కోపం ఉంది, కలత ఉంది. "కైన్ ట్రింక్ వాసర్"తో లోపలికి వెళ్లండి. పియానో వరసలు ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుంటాయి. తర్వాత పేరు తెచ్చుకున్న ఆలిసన్ గోల్డ్‌ఫ్రాప్ గొంతు ఈ ఆల్బములో వినిపిస్తుంది.

అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో వీళ్లు వాయించిన రాత్రి ఈ సంగీతం చరిత్రలో పెద్ద మలుపు. గిటారు బృందాలకే పరిమితం అనుకున్న వేదిక అది. చీకట్లో బొత్తాలు కనిపించడానికి ఇద్దరూ కళ్లద్దాల ఫ్రేములకు ఇరువైపులా చిన్న దీపాలు తగిలించుకున్నారు. దూరం నుంచి చూసేవారికి మనుషులు కనిపించరు, వంగి లేస్తున్న నాలుగు వెలుగులు కనిపిస్తాయి. ఆ ఏడాది ఉత్సవాన్ని చానల్ 4 ప్రసారం చేయడంతో ఇళ్లలో ఉన్నవారూ చూశారు. 1994 నుంచి 2004 వరకు వాళ్ల గ్లాస్టన్‌బరీ కచేరీలతో 2007లో ఒక సంకలనం వచ్చింది. మీరు ఇంతవరకు విన్న పాటలను అందులో మళ్లీ వినండి. ఎక్కడ బొత్తాన్ని ఆలస్యంగా నొక్కారో, ఎక్కడ జనం కేకకు జవాబుగా మంద్రాన్ని తీసేసి ఊరించారో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

1996లో వచ్చిన "ఇన్ సైడ్స్" నా దృష్టిలో వీళ్ల అత్యున్నత కృషి. దీన్ని చివరిదాకా దాచిపెట్టడానికి కారణం ఉంది. ఇక్కడ పాటలు పదేసి నిమిషాలు మెల్లగా పెరుగుతాయి. దెబ్బ వెనక్కు తగ్గి, రాగం ముందుకు వస్తుంది. మొదటి పాట "ది గర్ల్ విత్ ది సన్ ఇన్ హర్ హెడ్"ను పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వారి సంచార సౌర విద్యుత్ యంత్రంతో రికార్డు చేశారు. గుండె చప్పుడు లాంటి లయతో మొదలవుతుంది. ఆ లయ మీద వేలు ఉంచి, మణికట్టు దగ్గర మీ నాడిని ఇంకో వేలితో పట్టుకుని వినండి. "ది బాక్స్" మాత్రం ముందు చెవితో విని, తర్వాత దాని వీడియో చూడండి. అందులో టిల్డా స్వింటన్ నటించింది. ఆమె అతి నెమ్మదిగా కదులుతుంటే ఒక్కో చట్రంగా చిత్రీకరించారు. తెరమీద ఆమె మామూలుగా నడుస్తుంటుంది, చుట్టూ నగరం మాత్రం పిచ్చి వేగంతో పరుగెత్తుతుంది. ఆ పాటలో తీగవాద్యం లాంటి వరస ఎంత నింపాదిగా ఉంటుందో, దాని చుట్టూ తాళాలు ఎంత హడావుడి పడతాయో గమనిస్తే, వీడియో తీసినవారు పాటను సరిగ్గా విన్నారని అర్థమవుతుంది. "అద్నాన్స్" తొలి రూపం బోస్నియా యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం 1995లో వేసిన "హెల్ప్" సంకలనానికి ఇచ్చినది.

తర్వాతి ఆల్బములకు తొందర అక్కర్లేదు. 1999 నాటి "ది మిడిల్ ఆఫ్ నోవేర్" ఉత్సాహంగా ఉంటుంది. 2001 నాటి "ది ఆల్‌టుగెదర్"ను మొదటి చుట్టులో వదిలేయమంటాను, దానిలో ఆలోచనలు ఎక్కువ, నిలకడ తక్కువ. 2004లో "బ్లూ ఆల్బమ్" తర్వాత విడిపోయారు, 2009లో కలిశారు. 2012లో "వాంకీ" వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టు 29న లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో స్టీఫెన్ హాకింగ్‌తో కలిసి వేదికెక్కారు. 2014లో మళ్లీ ఆగి, 2017లో తిరిగి వచ్చారు. 2018లో "మాన్‌స్టర్స్ ఎగ్జిస్ట్" వచ్చింది. 2023 నాటి "ఆప్టికల్ డెల్యూజన్"లో మొదటి పాట "రింగా రింగా" తప్పక వినండి. మీడీవల్ బేబ్స్ అనే స్త్రీల బృందం పిల్లల ఆటపాటను పాడుతుంది. "బెల్ఫాస్ట్"లోని సన్యాసిని గీతం విన్న చెవికి, ముప్పై ఏళ్ల తర్వాత అదే ఇంట్లో మరో గదిలోకి వచ్చినట్టు ఉంటుంది.

మా తమ్ముడు ప్రస్తుతం "స్నివిలైజేషన్" దగ్గర ఉన్నాడు. నిన్న రాత్రి ఫోను చేసి, "కైన్ ట్రింక్ వాసర్"లో రెండో పియానో ఎన్నో ఆవర్తనంలో చేరిందో చెప్పమని అడిగాడు. నేను ఒక అంకె చెప్పాను. కాదన్నాడు. ఇద్దరం ఫోనులు పక్కన పెట్టుకుని, మూడు లెక్కపెట్టి, పాటను ఒకేసారి మొదలుపెట్టాం.